కయ్యమునకు సమత సరే, వియ్యమునకో?

కయ్యమునకైనను వియ్యమునకైనను సమత వలయునని మన పెద్దలు చెప్పుదురు. పెండ్లిమాటలు నడచుచున్న యింట ఈ సామెత వినబడకుండుట అరుదు. వరునికి పొలమెంత, వధువు తండ్రికి కొలువేమి, ఇల్లు మిద్దెయా పెంకుటిల్లా, పెట్టుపోత లెట్లుండును? ఈ తూకములన్నియు ముగిసిన పిమ్మటగాని పిల్లయు పిల్లవాడును ఒకరి మొగమొకరు చూచుకొనుట పడదు. తూకము సరిపడనిచో ఎంతటి గుణవంతుడైనను, ఎంతటి గుణవతియైనను ‘మన తాహతుకు తగరు’ అను ఒక్క మాటతో సంబంధము తెగిపోవును.

ఈ చింత మనదేశమునకే ప్రత్యేకము కాదు. జపాను దేశమందును వివాహమనగా చిరకాలము రెండిండ్ల పొత్తుగానే యుండెను. అచ్చట ‘నకోదో’ అను మధ్యవర్తి ఉభయుల వంశమును, కలిమిని విచారించి చూపులు కూర్చును. సంబంధము కుదిరినపిదప వరునివారు ‘యుయినో’ అను కానుకలను వధువు ఇంటికి పంపుదురు. అంతస్తులు కుదరక నలిగిపోయిన దంపతుల కథలు ఆ దేశపు నాటకములందును, చలనచిత్రములందును పెక్కులు కలవు.

అయితే సోదరీమణులారా, తిరుపతి చిత్తూరు ప్రాంతముల వారికి ఇట్టి కథకై సముద్రములు దాటి పోనక్కరలేదు. మన కొండమీద దినదినమును కల్యాణోత్సవముగా జరుగుచున్న శ్రీనివాస పద్మావతుల వివాహమే అంతస్తులు సరిపడని వియ్యపు కథ. దానిని మనము భక్తితో వినుచున్నాము. అక్షతలు తలపై వేసికొనుచున్నాము. దానిని ఒక సంసారకథగా ఎంచి, అందలి తల్లులు, కూతుళ్లు, అప్పులు, అలుకలు ఎట్టివో తలపోయుట మాత్రము తక్కువ. ఆ దృష్టితో ఒకమారు చూతము.

ఇల్లు లేని వరుడు

వరుని స్థితి ఎట్టిదో మొదట విచారింపుడు. భృగుమహర్షి తన్నిన తాపునకు తగిన శిక్ష చేయలేదని అలిగి లక్ష్మీదేవి కొల్హాపురమునకు వెడలిపోయినది. సిరి విడిచిన పురుషుడు వేంకటాద్రికి వచ్చి చింతచెట్టుక్రింది పుట్టలో తలదాచుకొనెను. పుట్టలో పాలు పోయుచున్న ఆవును గొల్లవాడు గొడ్డలితో కొట్టబోగా, ఆ దెబ్బ ఆయన తలకే తగిలెను. ఇల్లు లేదు, ఇల్లాలు లేదు, ఒంటిమీద గాయ మొకటి కలదు.

నిలుచుటకైనను ఆయనకు సొంత నేల లేదు. ఆ కొండ వరాహస్వామిది. నివేశనస్థలము కావలెనని ఆయననే అడుగవలసి వచ్చెను. చెల్లించుటకు ధనము లేకపోగా, తొలి దర్శనము, తొలి పూజ, తొలి నైవేద్యము వరాహస్వామికే జరుగునని మాట యిచ్చి చోటు సంపాదించెను. నేటికిని కొండకు పోయినవారు పుష్కరిణి ఒడ్డున వరాహస్వామిని ముందు దర్శించుట ఆచారము. అనగా మన కథానాయకుడు కౌలుదారు, మాటయే బాడుగగా చెల్లించుచున్నవాడు. ఇట్టి పిల్లవానికి మనలో ఎందరు పిల్లనిత్తురు?

వధువో, నారాయణపురము నేలిన ఆకాశరాజు గారాలపట్టి. సంతానము లేని రాజు యజ్ఞార్థము భూమిని దున్నించుచుండగా నాగటిచాలున పద్మమందు దొరకిన పసికందు. ధరణీదేవి ఆమెను కన్నకూతురికంటె మిన్నగా పెంచినది. ఆ నారాయణపురమే పుత్తూరునకు సమీపమున నున్న నారాయణవనము. కల్యాణ వేంకటేశ్వరుని ఆలయము నేటికిని అచ్చట కలదు. 2022లో జిల్లాలు విడదీసినపుడు ఆ యూరు చిత్తూరు జిల్లానుండి తిరుపతి జిల్లాలోనికి వచ్చినది.

వేటకు వచ్చి ఏనుగును తరుముచు ఉద్యానవనమున జొచ్చిన పురుషుడు పద్మావతిని చూచి పలుకరించెను. ఊరు పేరడిగిన చెలికత్తెలకు తన వంశమును చెప్పి, రాకుమారిని తనకిమ్మనెను. అప్పుడు జరిగినది తలంపదగినది. చెలికత్తెలు రాళ్లు రువ్వినారు. గుఱ్ఱము కూలినది. వచ్చినవాడు కాలినడకను కొండకు మరలిపోయెను. రాకుమారికి మనసు లేకపోలేదు. ఆ సాయంకాలమునుండియే ఆమె అన్నపానములు మాని మంచము పట్టినదని కథ చెప్పుచున్నది. మనసున్నను, తెలియనివాడు తోటలో దారి కాచి అడిగినంతనే ఒప్పుకొనుట కన్యకు తగదని ఆమెకు తెలియును. ఇష్టమును, మర్యాదను రెంటిని కాపాడుకొన్న పిల్ల ఆమె.

మాటాడబోయిన తల్లి

ఈ వియ్యమును నడపినది ఇద్దరు స్త్రీలు. మొదటియామె వకుళమాత. ఆమె శ్రీనివాసుని కన్నతల్లి కాదు. వరాహస్వామి ఆశ్రమమున వంట చేయుచుండిన వృద్ధురాలు. కృష్ణావతారమున యశోదగా నుండి, కొడుకు పెండ్లి కన్నులార చూడలేకపోతినని విచారించినందున, ఆ ముచ్చట తీర్చుటకు ఈ జన్మమున పెంపుడుతల్లి యైనదట. అన్నము ముట్టక పరుండిన బిడ్డను చూచి సంగతి రాబట్టినదియు ఆమెయే, సంబంధము మాటాడుటకు ఒంటరిగా కొండ దిగినదియు ఆమెయే.

తన కొడుకు పేదవాడనియు, అడుగబోవునది రాజకన్యననియు ఆమెకు తెలియును. వంటయింటి పొగలో జీవితము గడపిన స్త్రీ రాజనగరులో ఏమని నోరు విప్పవలెను? ఆమె కలిమిని కల్పించి చెప్పలేదు. కుమారుని గోత్రమును, శ్రవణానక్షత్రమును, గుణమును చెప్పినది. అబద్ధపు అంతస్తు చూపి కుదిర్చిన పెండ్లిండ్లు కాపురమునకు వచ్చిన నెలలోపలనే బయటపడి ఎట్లు కన్నీటిపాలగునో ఎరిగినవారికి వకుళమాత నడత విలువ తెలియును.

ఆ తల్లికి నేటికిని తిరుమల వంటశాలయగు పోటునందు స్థానము కలదు. కుమారుని నైవేద్యమును ఆమె కనిపెట్టుచుండునని నమ్మిక. కొండక్రింద పేరూరుబండమీద నున్న ఆమె గుడి మాత్రము చాలకాలము శిథిలమై పడియుండెను. చుట్టును రాతిగనుల త్రవ్వకముచే ఆ బండయే కరగిపోవునట్టి దుస్థితి పట్టినది. తుదకు గుడి పునర్నిర్మింపబడి, 2022 జూనులో మహాసంప్రోక్షణము జరిగినది. కొడుకు గుడికి బంగారు గోపురము మెరయుచుండగా తల్లి గుడికి కప్పు పడుటకు ఇన్నాళ్లు పట్టినదన్నమాట! మన యిండ్లలో పెంచిన తల్లుల సంగతియు తరచుగా ఇట్లే కదా?

రెండవ స్త్రీ ఎరుకత. నిజమునకు ఆమె శ్రీనివాసుడే. వకుళమాత దారిలో నుండగనే ఆయన ఎరుకలసాని వేషము వేసి, బ్రహ్మదేవుని పసిబిడ్డగా చంకనెత్తుకొని, తలపై బుట్టతో నారాయణపురపు వీథులలో ఎరుక చెప్పెదనని కేక వేసెను. ధరణీదేవి ఆమెను అంతఃపురమునకు పిలిపించి, చేటలో ముత్యములు పోయించి, కూతురి జబ్బు అడిగినది. మీ బిడ్డకు వచ్చినది రోగము కాదు, వలపు. ఆ తోటకు వచ్చినవానికే ఇచ్చి చేయుడని ఎరుకత చెప్పినది.

ఈ ఘట్టమును హరికథలలో విని నవ్వుకొనుచుందుము. నవ్వునకు వెనుక ఒక సత్యము కలదు. గుఱ్ఱమెక్కి వీరుడై వచ్చిన నాడు రాళ్లదెబ్బలు తిన్నవాడే, బుట్ట నెత్తిన పెట్టుకొని ఎరుకలసానియై వచ్చిన నాడు అంతఃపురమున రాణి యెదుట కూర్చుండగలిగెను. తల్లికి చెప్పలేని మాటను రాకుమారి ఆ వీథిస్త్రీకి చేయి చాపి తెలుపుకొనగలిగినది. కులము తక్కువదని వాకిట నిలువబెట్టుచుండిన స్త్రీ నోటిమాటయే రాజనగరులో పెండ్లి నిశ్చయించినది! అంతస్తుల మధ్యనున్న గోడను దాటుటకు దేవుడంతటివాడు ఎన్నుకొన్న వేషము రాజుది కాదు, బిడ్డతల్లియైన పేద స్త్రీది.

సంబంధము వచ్చినంతనే ఆకాశరాజు ‘కొండమీద పుట్టలోనివానికి నా కూతురా?’ అని కసరలేదు. కూతురి మనసు తెలిసికొనెను. బృహస్పతిని పిలిపించి, శుకమహర్షిని రప్పించి, వరుని సంగతి విచారించెను. పిదప తానే శుభలేఖ వ్రాయించి శుకునిచేత పంపెను. వైశాఖ శుద్ధ దశమికి లగ్నము కుదిరెను. పెద్దరికమనగా ఇట్లుండవలెను: విచారించుట మానరాదు, పిల్ల మనసును త్రోసిపుచ్చరాదు.

ఎవరి పెండ్లికి ఎవరి అప్పు?

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు. లగ్నము కుదిరినది గాని వరుని చేత కాసు లేదు. రాజకన్యను పెండ్లాడుటకు తగిన వైభవము లేకున్న వియ్యంకునికి తలవంపు. కావున కుబేరుని పిలిపించి 1 కోటి 14 లక్షల రామముద్రల నిష్కములు అప్పు తీసికొన్నాడని పురాణము లెక్క చెప్పుచున్నది. బ్రహ్మయు, శివుడును, అశ్వత్థవృక్షమును సాక్షులు. కలియుగాంతమునకు అసలు తీర్చునట్లును, అందాక ఏటేట వడ్డి చెల్లించునట్లును పత్రము వ్రాయబడెను. తిరుమల హుండీలో మనము వేయు కానుకలు ఆ వడ్డికే పోవునని జనులు చెప్పుకొందురు. వడ్డికాసులవాడని ఆయనను ముద్దుగా పిలుచుట వినుచునే యున్నాము.

ఈ అప్పుకథను మన వారిలో కొందరు తమకు అనుకూలముగా త్రిప్పుకొందురు. దేవుడే పెండ్లికి అప్పు చేసినాడు, మన మెంత యని, పొలము తాకట్టు పెట్టి, నగలు కుదువబెట్టి, మూడునాళ్ల ముచ్చటకు ముప్పదియేండ్ల వడ్డి నెత్తిన వేసికొందురు. కాని కథను సరిగా చదివినచో మూడు సంగతులు తేటపడును. అప్పు చేసినవాడు వరుడు, వధువు తండ్రి కాడు. పత్రము తన పేరనే వ్రాసెను, మామగారి పేర కాదు. ఆ ఋణమును తీర్చు పూచీ యుగాంతమువరకు తనమీదనే పెట్టుకొనెను, భార్యను పుట్టింటికి పంపి తెమ్మనలేదు.

ఇది పూర్వపు ఆచారమునకును సరిపోవుచున్నది. తెలుగుదేశమున అనేక కులములందు వరునివారే వధువువారికి ఓలి చెల్లించి పిల్లను తెచ్చుకొనుచుండిరి. ఓలియందును దోషములు లేకపోలేదు. పసిపిల్లలను ముసలివారికి అమ్ముకొను కన్యాశుల్కపు దురాచారమును ఎండగట్టి గురజాడ అప్పారావుగారు 1897లో నాటకమునే ప్రకటించిరి. క్రమముగా ఓలి పోయి కట్నము వచ్చినది. త్రాసు ఒక వైపునుండి రెండవ వైపునకు మొగ్గినదే గాని, తూచుట మానలేదు. 1961లో కట్నమును నిషేధించుచు దేశమంతటికి శాసనము వచ్చినను, ఇచ్చువారును పుచ్చుకొనువారును పేరు మార్చి ‘లాంఛనములు’ అనుచున్నారు. మాటిమాటికి ‘గోవిందా’ అని హుండీకి ముడుపు కట్టు మామగారులలో, ఆ గోవిందుడు మామగారినుండి పెండ్లిఖర్చు రాబట్టలేదని తలచువారెందరు?

ఆకాశరాజు అల్లునికి ఏమియు ఈయలేదని కాదు. కిరీటము మొదలుగా భూషణము లెన్నియో తన సంతోషముకొలది ఇచ్చెను. సంతోషముతో ఇచ్చినదానికిని, పీకమీద కత్తిపెట్టి పుచ్చుకొన్నదానికిని భేదము మన తల్లులందరికి తెలియును.

ఆలుమగల నడుమ కొండ

పెండ్లితో కథ ముగియలేదు. ఇందు స్త్రీలమైన మనకు ముల్లువలె గుచ్చుకొను సంగతి యొకటి కలదు. వరునికి ఇదివరకే ఇల్లాలు కలదు. ఆమెయే అలిగిపోయిన లక్ష్మి. ఆయన సూర్యుని కొల్హాపురమునకు పంపి, నాకు జబ్బుగా నున్నదని చెప్పి ఆమెను పిలిపించెను. పరుగున వచ్చిన ఆమె యెదుట రెండవ పెండ్లి ప్రస్తావన వచ్చెను. ఆమె ఒప్పుకొన్నదని పురాణము చెప్పుచున్నది. ఆ ఒప్పుకోలుకు ముందు ఆమె గుండెలో ఏమి మెదలెనో మన ముత్తవ్వలు పాటలలో, కథలలో తమకు తోచినట్లు పూరించుకొనిరి. దేవుని కథయే యైనను ఇల్లాలిని బొంకి పిలుచుట బాగని చెప్పవలసిన పని లేదు. నేడు చట్టమును ద్విభార్యాత్వమును ఒప్పదు.

కొత్తదంపతులు ఆరుమాసములు కొండ ఎక్కరాదని అగస్త్యాశ్రమమున నుండిరట. ఆ చోటే చంద్రగిరి దారిలోని శ్రీనివాసమంగాపురము. పెండ్లి కాని పిల్లలును, కొత్తగా పెండ్లియైనవారును అచ్చటికి పోయి మ్రొక్కుచుందురు. తుదకు స్వామి కొండమీదను, పద్మావతి కొండక్రింద తిరుచానూరునను నిలిచిరి. రాచకూతురు మగని యింట కాక తన సొంత గుడిలో, తన సొంత పరివారముతో, తన సొంత బ్రహ్మోత్సవములతో నున్నది. కార్తిక బ్రహ్మోత్సవముల కడపటి దినమున పంచమీతీర్థమునాడు కొండనుండి ఆమెకు చీర, పసుపు, కుంకుమ సారెగా ఊరేగింపున వచ్చును. దేవుడు రేయి రేయి కొండ దిగి ఆమెను చూచిపోవుననియు, అందులకే ఆయన చెప్పులు అరిగిపోవుననియు జనులు చెప్పుదురు. అలిపిరి పాదాలమండపమున భక్తులు పాదుకలు నెత్తినిడుకొని ప్రదక్షిణము చేయుట అందరు చూచినదే. ఆమె ఆయన వాకిట నిలుచుట లేదు, ఆయనయే నడచి వచ్చును. కలిమిలేముల భేదము ఆ నడకలో కరగిపోయినది.

కథ చెప్పిన ఆమె

ఈ కల్యాణకథను తెలుగు పద్యములలో చెప్పినవారిలో మన మండలపు స్త్రీ యొకరు కలరు. ఆమె వాయల్పాడునకు సమీపమందలి తరిగొండ గ్రామమున 1730లో జన్మించిన వెంగమాంబ. బాల్యముననే పెండ్లియైనది, బాల్యముననే భర్త పోయెను. నాటి ఆచారము ప్రకారము పసుపుకుంకుమలు తుడిచి, తల గొరిగించుకొని మూలన కూర్చుండవలసినదే. వేంకటేశ్వరుడే నా భర్త, ఆయన యుండగా నాకు వైధవ్యమేమని ఆమె నిరాకరించినది. ఊరివారి నిందలకు తాళి, పిదప తిరుమల చేరినది. తుంబురుకోన గుహలో తపము చేసినదని చెప్పుదురు. యక్షగానములు, ద్విపదలు, శతకము, వేదాంతగ్రంథములు వ్రాసి, వేంకటాచల మాహాత్మ్యమును రచించి, 1817లో తనువు చాలించినది.

తలచి చూడుడు! శుభకార్యమునకు ఎదురు రారాదని ఎవరిని వెలివేసినారో, ఆ స్త్రీయే దేవుని పెండ్లిని తెలుగువారికి చెప్పినది. నేటికిని తిరుమలలో ఏకాంతసేవవేళ తాళ్లపాకవారి లాలియు, తరిగొండవారి ముత్యాలహారతియు జరుగును. కొండమీద వేలకొలది జనులకు కులము, కలిమి విచారింపక ఒకే పంక్తిని అన్నము పెట్టుచున్న భవనమునకు ఆమె పేరే పెట్టబడియున్నది.

తెరమీది వియ్యములు

హరికథలనుండి ఈ కథ చలనచిత్రమునకు వచ్చెను. పి. పుల్లయ్యగారు 1939లో తీసిన చిత్రమున సి. ఎస్. ఆర్. ఆంజనేయులుగారు వేంకటేశ్వరుడుగను, రాయలసీమ బిడ్డయగు శాంతకుమారిగారు పద్మావతిగను నటించిరి. 1960లో పుల్లయ్యగారే ఆ కథను మరల తీయగా నందమూరి తారకరామారావుగారు స్వామియు, సావిత్రిగారు పద్మావతియు నైరి. ఈసారి శాంతకుమారిగారు వకుళమాత! పెండ్లికూతురుగా తలవంచుకొన్న యామెయే ఇరువదియొక్క సంవత్సరముల పిదప కొడుకు పెండ్లికి మాటాడబోయిన తల్లి యైనది. ప్రతి స్త్రీ బ్రతుకునను ఈ రెండు వేషములును ఉండును. మొదటి వేషమున తనకు కలిగిన బాధను రెండవ వేషమున మరువకుండుటయే గొప్ప.

ఆ 1939లోనే జపానులో మిజొగుచి కెంజి యను దర్శకుడు చివరి చేమంతుల కథను చిత్రముగా తీసెను. పేరుమోసిన కబుకి నటుల యింట పెరిగిన దత్తపుత్రుడు కికునొసుకె. అందరును వాని నటనను పొగడుచుండగా, ఆ యింటి బిడ్డకు పాలిచ్చు దాది ఒతొకు మాత్రము నీ నటన బాగులేదని నిజము చెప్పినది. ఆ నిజమునకే వాడు ఆమెను వలచెను. దాదితో సంబంధమా యని ఇంటివారు ఆమెను వెడలగొట్టిరి. వాడు ఇల్లు విడిచిపోగా, ఆమె వెంట నుండి ఏండ్లతరబడి దారిద్ర్యమనుభవించి వానిని గొప్పనటునిగా చేసినది. వాడు తిరిగి తనవారిని చేరుటకై తానే తప్పుకొన్నది. వాడు పడవపై జనుల జేజేలు అందుకొనుచున్నవేళ ఆమె రోగశయ్యపై కన్నుమూసినది.

రెండు కథలను ప్రక్కప్రక్కన నిలుపుడు. అంతస్తుల అంతరమునకు సుంకము ఎవరో ఒకరు చెల్లించక తప్పదు. జపాను కథలో ఆ సుంకము పేద స్త్రీ తన ప్రాణముతో చెల్లించినది. మన కొండకథలో వరుడు తన పేర అప్పుపత్రము వ్రాసి చెల్లించెను. లోకమున మొదటి విధమే మెండు. అందుచేతనే రెండవ కథ మనకు ఆదర్శము.

బలిమికి బదులు

తిరుపతిలోనే దీనికి ఎదురుబొదురైన కథ ఇంకొకటి కలదు. కొండ క్రింది తాతయ్యగుంట గంగమ్మకథ. ఊరి నేలిన పాలెగాడు కంటబడిన కన్యల నెల్ల చెరచుచుండెనట. కైకాలవారి యింట పెరిగిన గంగమ్మమీద వాడు చేయి వేయగా ఆమె తన నిజరూపమును చూపెను. వాడు పారిపోయి దాగెను. ఆమె బైరాగి, తోటి మొదలగు వేషములు మార్చుచు వెదకి, తుదకు దొరవేషమున వానిని వెలికి రప్పించి సంహరించెను. ఏటేట మే మాసమున జరుగు జాతరలో ఆ వేషములు నేటికిని వేయుదురు. మగవారు చీర కట్టి, జడ వేసికొని ఊరంత తిరుగుదురు. గంగమ్మ వేంకటేశ్వరుని చెల్లెలని జనుల నమ్మకము. అన్నగారి కొండనుండి ఆమెకును సారె వచ్చును.

ఒకే యూరిలో రెండు కథలు. కలిమి లేనివాడు వినయముతో అడిగిన చోట కల్యాణము జరిగెను. కలిమియు బలిమియు గలవాడు అడుగక చేయి వేసిన చోట తల తెగెను. మన ప్రాంతపు జనులు ఈ రెంటిని కలిపి నిలుపుకొన్నారు. వియ్యమునకు వలసిన సమత పొలములోను పెట్టెలోను లేదనియు, అడుగుటలోను ఒప్పుకొనుటలోను కలదనియు దీని భావము.

కూతురు తాహతు చూడక ఒకనిని కోరినదని ప్రాణములు తీసిన తండ్రుల సంగతులు పత్రికలలో ఇంకను చదువుచున్నాము. కట్నపు బాకీ తీరలేదని కోడలిని పుట్టింటికి తరిమిన అత్తలు ఇంకను కలరు. అట్టి యిండ్లలోను గోడమీద వేంకటేశ్వరుని పటమే యుండును. పటమునకు దండ వేయునపుడైనను తల్లులు ఈ కథను తలచుకొందురు గాక. కూతురి చేయి పట్టుకొని నీ మనసేమి యని ఎరుకలసానివలె అడుగుడు. సంబంధమునకు పోయినపుడు వకుళమాతవలె ఉన్నది ఉన్నట్లు చెప్పుడు. పెండ్లికి అప్పు తప్పనిచో, ఆ పత్రముమీద వరుడు తన పేరు వ్రాయుటకు సిద్ధముగా నున్నాడేమో ముందుగా కనుగొనుడు.